రెండు బర్లు, ఒక దూరపు చుట్టరికం

“మేడమ్, మీ రెండు బర్లు దొరికినయ్! దూరంగ కట్టేసి ఉన్నయంట!”

గేటు కాపలా బాలేష్ ఫోన్‌లో ఈ మాట అరిచేటప్పటికి ప్రొఫెసర్ మనోరమ తన గదిలో పెరుగన్నం తింటున్నారు. ఆమెకు బర్లు లేవు. బర్రె పాలు ఒంటికి పడవు కూడా.

“ఎవరు చెప్పారయ్యా నీకు?”

“మన రేచల్ మేడమ్. ల్యాబుల నుంచి ఫోన్ జేసింది. ఏడుస్తాందో నవ్వుతాందో తెలుస్తలేదు. మీకు జల్ది జెప్పుమన్నది.”

రేచల్ చెప్పింది వేరు. “అన్నా, రిడ్‌బర్గ్‌లు దొరికినయ్! దూరంగ కట్టుబడి ఉన్నయ్! మేడమ్‌కు జల్ది జెప్పు!” అంది. ల్యాబు గోడలు మందం. లోపల సెల్‌ఫోన్ మూగనోము పడుతుంది. లోపలి మాట ఏదైనా సరే గేటు దగ్గరి పాత డబ్బా ఫోన్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఆ డబ్బాకు గరగర ఎక్కువ, గ్రహింపు తక్కువ. బాలేష్ చెవిన పడిన మాటకు బయటికొచ్చేలోగా కాళ్లు మొలవడం మాకు అలవాటే. ఈసారి ఎనిమిది మొలిచాయి.

శామీర్‌పేట దాటి మేడ్చల్ పోయే దారిలో ఉంటుంది మా సంస్థ. నేను అక్కడ స్టోర్స్ చూస్తాను. నట్టు అడిగితే నత్తి లేకుండా, బోల్టు అడిగితే బోల్తా పడకుండా ఇచ్చే ఉద్యోగం. రేచల్ అడిగేవి మాత్రం నా నోట పలికేవి కావు. మనోరమ దగ్గర పరిశోధన చేసే ఆ పిల్ల పని పరమాణువులను చల్లబరచడం. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ‘చ’ నోట్లోంచి బయటికొస్తూ ‘స’ అయిపోతుంది. “లోపల సల్లగ జేస్తరంట” అని ఒకరు అంటే, “సల్ల జేస్తరంట” అని రెండోవారు విన్నారు. అప్పటినుంచి మాది మజ్జిగ కేంద్రమని ఊళ్లో సగం మందికి గట్టి నమ్మకం. కాబట్టి అక్కడ రెండు బర్లు దొరికాయంటే ఎవరికీ వింత అనిపించలేదు.

అసలు సంగతి ఇది. గదిలోని పరమాణువులు విమానం వేగంతో పరుగెత్తుతుంటాయి. అన్ని దిక్కుల నుంచీ లేజర్లు పట్టి వాటిని నిలేస్తే, ఇంతకన్నా చలి సృష్టిలో లేదన్నంత దగ్గరికి చల్లబడతాయి. ఆ చలిలో అవి ఢీకొనడం కూడా మొహమాటంగానే ఉంటుంది, పెళ్లిపందిట్లో కొత్త వియ్యంకులు భుజాలు తగిలించుకున్నట్టు. సరిగ్గా అప్పుడు ఒకదాన్ని ఇంకో లేజరుతో ఉబ్బించాలి. ఉబ్బిన దాని పేరే రిడ్‌బర్గ్. దాని ఎలక్ట్రాన్ ఇల్లు సుచిత్ర సెంటర్లో పెట్టుకుని ప్రహరీ మేడ్చల్‌లో కట్టుకున్నట్టు ఎంతో దూరాన తిరుగుతుంది. ఆ ప్రహరీ లోపల ఇంకో మామూలు పరమాణువు చిక్కితే, రెండూ కలిసి ఒక అణువు. మామూలు అణువుల్లో పరమాణువులు భుజాలు రాసుకుంటాయి. ఇక్కడ వేల రెట్ల ఎడంగా నిలబడి కూడా విడిపోవు. సైన్సు వాళ్లు దూరశ్రేణి అణువు అంటారు. నేను దూరపు చుట్టరికం అంటాను. దూరపు చుట్టాలకు అలక ఎక్కువ గదా! దారి తప్పిన కరెంటు పిసరంత తగిలినా ఈ బంధం పుటుక్కున తెగుతుంది. అణువుకు అన్నీ అనువుగా ఉండాలి.

రేచల్ మేడ్చల్ చర్చి వీధి పిల్ల. దీనికోసం ఏళ్ల తరబడి యంత్రం కట్టుకుంటూ కూచుంది, అది ఈ ఎండాకాలానికి గానీ తయారు కాలేదు. గుర్తు కనబడాల్సిన చోట కంప్యూటర్ తెర మీద గడ్డి మొలిచినట్టు పిచ్చిగీతలే వచ్చేవి. ఇంకో పది రోజులకు, సోమవారం నాడు, కమిటీ. మా దగ్గర కమిటీ అంటే ‘కమ్, టీ’ అనే అర్థం. ఈ కమిటీ మాత్రం టీ తాగి పోయే రకం కాదు. గుర్తు చూపించకపోతే లేజర్లు తీసి పక్క ల్యాబుకి ఇచ్చేస్తారు. అవి పోతే రేచల్ పరిశోధనకు తల ఉంటుంది, మొండెం ఉంటుంది, చెప్పడానికి నోరుండదు. గుర్తు తీసిస్తేనే గదా థీసిస్!

అట్లాంటి పిల్లకు శుక్రవారం మధ్యాహ్నం తెర మీద గుర్తు కనబడింది. గడ్డిలోంచి తాటిచెట్టు లేచినట్టు. అందుకే ఆ అరుపు.

సంగతేమిటో చూద్దామని మనోరమ ల్యాబు వైపు బయల్దేరేలోగా బాలేష్ తన వంతు రెండో అరుపు అరిచేశాడు. ఎందుకంటే ఊళ్లో నిజంగానే రెండు బర్లు పోయాయి. మా దగ్గర ఊడ్చే శంకరమ్మవి. ఆమె పెనిమిటి గండయ్య వాటిని గండిమైసమ్మ దగ్గర ఒకాయన వద్ద కొని తోలుకొచ్చాడు. కొత్త కొట్టంలో నాలుగు పూటలు తిన్నాయో లేదో, ఒక తెల్లారి మెడలోని తలుగులు తెంపుకుని మాయమయ్యాయి. గండయ్య చెరువు కట్ట వెతికాడు, పొదలు వెతికాడు, అమ్మినాయనకు ఫోన్ చేశాడు. అక్కడికీ రాలేదన్నాడు.

“శంకరమ్మక్కా! నీ బర్లు దొరికినయే! మేడమోళ్లు పట్టుకొని దూరంగ కట్టేసిండ్రంట!”

శంకరమ్మ చీపురు అక్కడే పడేసి ల్యాబు భవనం వెనక్కి పరుగెత్తింది. ఎందుకని అప్పుడు ఎవరం అడగలేదు. కాసేపటికి కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినబడింది. ఈలోగా గండయ్య కొత్త తలుగులు భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చేశాడు. ఆ గోలకు మనోరమా నేనూ కూడా అక్కడికే చేరాం.

“ఏడున్నయ్ సారూ మా బర్లు?”

“ఇక్కడ బర్లేవీ లేవయ్యా,” అన్నారు మనోరమ.

“గట్లంటవేంది మేడమ్? దొరికినయని మీరే జెప్పిపిస్తిరి. మేత ఖర్సు గావాల్నా? ఇస్త గద!”

“మేత ఏమిటయ్యా! మా దగ్గర ఉన్నవి పరమాణువులు!”

“పరమాన్నాలు మాకెందుకు? మా బర్లు మాకియ్యుండ్రి!”

మనోరమకు పరమ చిరాకు వచ్చింది. గండయ్య కూడా గొంతు లేపాడు. ఇక గొడవే అనుకునేలోగా అతని జేబులో ఫోన్ మోగింది. గండిమైసమ్మ నుంచి అమ్మినాయన.

“గండన్నా, నీ బర్లు నా కొట్టానికే వచ్చి నిలవడ్డయ్. దొబ్బినా పోతలెవ్వు. కట్టేసిన. వచ్చి తోల్కపో.”

దారి పొడుగునా మేసుకుంటూ, నీడ దొరికితే పండుకుంటూ, తీరిగ్గా పాత యజమాని ఇంటికి నడిచాయన్నమాట. దూరపు చుట్టరికమంటే అదీ!

బాలేష్ ఛాతీ ఉబ్బింది. “నేను జెప్పలె? దూరంగ కట్టేసి ఉన్నయని! ఇగ చెవిటోడు అని ఎవలన్న అంటే జూస్త.”

ఆ దెబ్బతో అపార్థం విరిగిపోవాల్సింది పోయి అతుక్కుపోయింది. రేచల్ మిషను గండిమైసమ్మ దాకా కంటి చూపు వేసి బర్లను పట్టిందని ఊరంతా పొక్కింది. మర్నాటికి ఒకతను మేకపోతు తప్పిపోయిందని గేటు దగ్గరికి వచ్చాడు. ఇంకొకాయన సెల్‌ఫోన్ పోయిందన్నాడు. బాలేష్ అందరినీ వరసలో నిలబెట్టి, “మేడమ్ బిజీగ ఉన్నది, ఈ సోమారం గాదు, పై సోమారం రాండ్రి” అని పంపించాడు.

రేచల్ మేడమ్ బిజీగా లేదు. బిక్కచచ్చిపోయి ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి చూసేసరికి తాటిచెట్టు వంగింది. మంగళవారానికి మళ్లీ గడ్డే. లేజర్లు విప్పింది, బిగించింది. అద్దాలు తుడిచింది. నా దగ్గర కొత్త వైర్లు పట్టుకుపోయింది. ఏదీ పనిచేయలేదు.

“శుక్రవారం వచ్చింది కదా మేడమ్. గీతలు దాచిపెట్టిన,” అంది మనోరమతో.

“ఒకసారి కనబడితే అది గాలివార్త రేచల్. పిలిచినప్పుడల్లా పలకాలి. సోమవారం పలకకపోతే నేనేం మాట్లాడను? లేజర్లు తమకివ్వమని పక్క ల్యాబు వాళ్లు రాసిన ఉత్తరం వాళ్లకు ఇప్పటికే ముట్టింది.”

“రిడ్‌బర్గ్‌లు మళ్ల పోయినయ్ మేడమ్. ఎందుకు పోయినయో తెలుస్తలేదు,” అని రేచల్ కళ్లు తుడుచుకుంది.

వరండా ఊడుస్తున్న శంకరమ్మ చెవిన ‘బర్లు మళ్ల పోయినయ్’ అని పడింది. వెంటనే ఇంటికి ఫోన్ కొట్టింది.

“ఓ గండయ్యా! బర్లు మళ్ల పోయినయా ఏంది?”

“ఏడికి పోతయే? నా ముంగటనే నెమరేస్తున్నయ్. నీకేమన్న ఎండ గొట్టిందా?”

తమవి ఉన్నాయంటే పోయినవి పిల్లవే అని ఆమె లెక్క తేల్చుకుంది. పాపం, చెప్పుకోలేక లోపల్లోపల కుములుతోంది అనుకుంది.

గురువారం మధ్యాహ్నం రేచల్ టిఫిన్ డబ్బా పట్టుకుని భవనం వెనక నీడలో కూచుంది, తినకుండా. శంకరమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

“తిను బిడ్డా. తిండి మీద కోపమెందుకు? గవి పోతయ్, వస్తయ్.”

“వస్తలెవ్వు పెద్దమ్మా. వచ్చినట్టే వచ్చి పోయినయ్.”

“మాయి గూడ గట్లనే పోలె? ఎంత పరేషానైన! మైసమ్మకు మొక్కిన. దొరికేదాంక రోజు పొద్దుగాల బిందెలతోని సాక నీళ్లు బోసి నిన్ను సల్లబరుస్త తల్లీ అన్న. దొరికినయని తెల్వంగనే కొబ్బరికాయ గొట్టి మొక్కు తీర్సుకున్న. నువ్వు గూడ మొక్కుకో.”

“మాది చర్చి గద పెద్దమ్మా.”

“నీకు చర్చి ఉంటె ఉన్నది. బర్లకు లేదు గద!”

రేచల్‌కు నవ్వు రావాల్సింది, రాలేదు. ఊరికే మాట కలపడానికి అడిగింది. “మైసమ్మ గుడి ఏడ? చెరువు కట్ట మీదనా?”

“గీడనే. నీ ముంగట్నే.”

శంకరమ్మ వేలు చూపిన చోట సిమెంటు దిమ్మె, దాని మీద గుండ్రటి మూత. మూత చుట్టూ పసుపు ఎండిపోయి పెచ్చులు కట్టింది. వాడిన వేపరెమ్మలు, కొబ్బరి చిప్ప ముక్క.

“ఈ బిల్డింగు గట్టకముందు కుంట కట్ట ఉండె గీడ. కట్టమైసమ్మ రాయి ఉండె. మీ పెద్ద సార్లు పూజ జేపిచ్చి రాయిని చెరువు దిక్కు జరిపిండ్రు. రాయిని జరుపుతరు గని జాగను జరుపుతరా? అమ్మ గీడనే ఉన్నది. మూత దీసి జూసిన. లోపట నోరున్నది. నీళ్లు వోస్తె గటగట తాగింది. అమ్మ గాక ఎవలు తాగుతరు?”

మూత మీద పసుపు మరకల కింద ఎర్రరంగుతో ఒక గుర్తు. పక్కనుంచి రాగి పట్టీ ఒకటి బయల్దేరి గోడ ఎక్కి తిన్నగా రేచల్ ల్యాబులోకి దూరింది.

అది ఎర్తింగ్ గుంత. లోపల రాగి పలక, చుట్టూ బొగ్గు, ఉప్పు. యంత్రాల్లో దారి తప్పిన కరెంటును భూమిలోకి దించే దారి అది. మట్టి తడిగా ఉంటే దారి, ఎండితే గోడ. లోపలి నోరు నీళ్లు పోసే గరాటు. ఎండాకాలంలో పోస్తుండాలి. అది తోటవాళ్ల పని అని కరెంటు వాళ్లు, కరెంటు వాళ్ల పని అని తోటవాళ్లు, అది నా స్టోర్సులో వస్తువు కాదు గనక నేను, అందరం మర్యాదగా మరిచిపోయాం. మే నెల ఎండకు మట్టి బీటలిచ్చింది. దిగాల్సిన కరెంటు దిగడానికి దారిలేక రేచల్ పరికరాల్లోనే తచ్చాడింది. దూరపు చుట్టాలు అలిగిపోయారు.

రేచల్ టిఫిన్ డబ్బా కిందపెట్టి లేచింది.

“పెద్దమ్మా, ఎన్నడు మొదలువెట్టినవ్ పోసుడు?”

“బర్లు పోయిన తెల్లారి సంది.”

“ఆపింది?”

“దొరికిన్నాడే. బాలేషు జెప్పిండు గద.”

శుక్రవారం. తాటిచెట్టు లేచిన రోజు. ఆ తర్వాత ఒక్కో ఎండ, ఒక్కో వంపు. తను అరిచిన అరుపే తన అణువుల పీక నొక్కిందని రేచల్‌కు తెలిసొచ్చింది. ల్యాబులోకి పరుగెత్తి ఎర్తింగ్ కొలిచే మీటరు తెచ్చింది. ముల్లు ఎక్కడుండకూడదో అక్కడ నిలబడింది. మళ్లీ పరుగెత్తి బాత్‌రూమ్ బకెట్టు నింపుకొచ్చింది. శంకరమ్మ చేయి అడ్డం పెట్టింది.

“ఆగు! సెప్పులతోని పోస్తవా? బాత్‌రూమ్ బకెట్టు తెస్తవా? మొక్కు లేకుంట పోస్తె అమ్మ ఎందుకు తీస్కుంటది?”

“పెద్దమ్మా, మట్టికి తడి గావాలె. గంతే.”

“నీకు మట్టి, నాకు తల్లి. ఉండు, నువ్వు మొక్కొద్దులే. నీ తరఫున నేను మొక్కుత. నువ్వు నీళ్లు మొయ్యి.”

రేచల్ చెప్పులు విప్పింది. శంకరమ్మ బిందె తెచ్చి, పసుపు కలిపి, వేపరెమ్మ వేసి కళ్లు మూసుకుంది. “తల్లీ మైసమ్మా, గీ పిల్ల రెండు బర్లు దొరికేదాంక నీకు సాక బోస్త. జల్ది దొరికియ్యి. కమిటోళ్లు వస్తున్నరంట.”

ఒకామె పోస్తుంటే ఒకామె మోసింది. మీటరు ముల్లు బద్ధకంగా కిందికి దిగింది. మర్నాడు మనోరమను తీసుకొచ్చి చూపిస్తే ఆమె పసుపు మూతనూ చూశారు, ముల్లునూ చూశారు. మీటరు అబద్ధం ఆడదు కనుక మూతను అట్లాగే ఉండనిచ్చారు. “ఉప్పు కూడా వేయించండి,” అని నాకు చెప్పి వెళ్లారు. వేయించాను. ఆదివారం రేచల్ ముందు గుంతకు నీళ్లు మోసి ఆ తర్వాత చర్చికి వెళ్లింది. ఎవరి వేళ వారిది.

సోమవారం కమిటీ వచ్చింది. టీ చల్లారింది, పరమాణువులూ చల్లారాయి. తెర మీద తాటిచెట్టు నిటారుగా లేచింది. కమిటీ పెద్దాయన తెల్ల మీసం దువ్వుకుని సూటిగా అడిగారు.

“బాగుంది. కానీ పోయిన వారం వచ్చి పోయిందట కదా. ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది? అది చెప్పలేకపోతే ఇది ఇవాళ్టి అదృష్టం కింద రాసుకోవాలి. అదృష్టానికి లేజర్లు ఇవ్వలేం.”

మనోరమ రేచల్ వైపు చూశారు. రేచల్ మీటరు చేతిలోకి తీసుకుని, “బయటికి వస్తే చూపిస్తాను సర్,” అంది.

కమిటీ మొత్తం భవనం వెనక్కి నడిచింది. అక్కడ శంకరమ్మ బిందె ఎత్తి ఉంది. గండయ్య రెండో బిందె పట్టుకుని ఉన్నాడు, బర్లు దొరికిన కృతజ్ఞతతో. బాలేష్, అతని వెనక సోమారం రమ్మన్న మేకపోతు ఆసామి, సెల్‌ఫోన్ ఆసామి కూడా చేరారు. రేచల్ మీటరు పెట్టి చూపింది, ఎండిన రోజుల గీతలూ తడిసిన రోజుల గీతలూ పక్కపక్కన పెట్టింది. ఎర్తింగ్ ఎండితే ఏమవుతుందో చెప్పింది. తడిపింది ఎవరో చెప్పింది. ఎందుకు ఆపారో చెప్పాల్సి వచ్చేసరికి బాలేష్ వైపు తిరిగింది.

“అన్నా, ఆరోజు నేను ఫోన్‌ల ఏమన్న?”

“రెండు బర్లు దొరికినయన్నవ్.”

“రిడ్‌బర్గ్‌లు అన్న. అదొక సైంటిస్టు పేరన్నా. ఆయన పేరు మీద ఉబ్బిన పరమాణువును గట్ల పిలుస్తరు. దూరంగ కట్టుబడి ఉన్నయన్న, కట్టేసి ఉన్నయని కాదు.”

బాలేష్ పెదాలు కదిపి చూసుకున్నాడు. “రిడ్... బర్గ్... లు. రెండు... బర్లు. మేడమ్, గా డబ్బా ఫోన్‌ల ఈ రెండు ఒక్కతీరుగనే వినవడ్తయ్. తప్పు డబ్బాది.”

“గయితే నా మేకపోతు?” అన్నాడు వెనకనుంచి ఆసామి.

“మా మిషను మేకల్ని వెతకదు బాబాయ్. పరమాణువుల్ని చల్లగ చేస్తది.”

“సల్లగనా? సల్ల గాదా?”

“సల్ల గాదు.”

కమిటీ పెద్దాయన మీసం కింద నవ్వు దాచుకోలేకపోయారు. గండయ్య భుజాన ఉన్న తలుగు అడిగి తీసుకుని రేచల్ దాన్ని నేల మీద పెద్ద గుండ్రంగా పరిచింది. నడుమ ఒక రాయి, అంచు దగ్గర ఇంకో రాయి పెట్టి, “ఇది ఉబ్బిన పరమాణువు. ఇది దాని గీటు లోపల చిక్కిన మామూలుది. దగ్గరికి పోదు, విడిచి పోదు,” అంది.

గండయ్య తల ఊపాడు. “నా బర్లు గూడ గంతే గద. తలుగు తెంపినయ్ గని గండిమైసమ్మను తెంపుకోలె.”

పెద్దాయన మనోరమతో అన్నారు. “పోవడానికి కారణం తెలిసిందంటే రావడాన్ని నమ్మొచ్చు. లేజర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ అమ్మాయిని రాసుకోమనండి. ఈ గుంతకు ఒక పైపు మాత్రం వేయించండి.”

అందరూ నా వైపు చూశారు. పైపుకు కాగితం పెడితే అది పైపైకి పోయి కిందికి వచ్చేసరికి వానలు పడతాయి. ఆ మాటే చెప్పాను.

అప్పుడు రేచల్ శంకరమ్మ ముందుకు వచ్చింది. మొక్కు బర్లకు కదా. బర్లే లేవని ఇప్పుడు ఊరందరి ముందూ తేలిపోయింది.

“పెద్దమ్మా, నీతోని అబద్ధపు మొక్కు మొక్కిపిచ్చిన. ఏమనుకోకు.”

శంకరమ్మ రాళ్లను చూసింది, తలుగును చూసింది.

“గయితే నీయి బర్లు గావు.”

“గావు.”

“గీ గుంత ఎండితె మళ్ల పోతయ్?”

“పోతయ్.”

“మరి గట్లయితె దొరికినట్టెట్లయితది బిడ్డా? మొక్కు ఇంక తీరలె. తీరని మొక్కు నడుమల ఇడిస్తె అమ్మ ఊకుంటదా?” అని ఖాళీ బిందె రేచల్ చేతికిచ్చింది. “వానలు వడేదాంక పోద్దాం. సెప్పులిడువు.”